దక్షిణాసియాలో ఎంతమంది? ఎవరి జాబితా చూస్తే అంతమంది

దక్షిణాసియా జనాభా ఎంత అంటే జవాబు ఒక్కటే ఉండాలి కదా. ఉండదు. ఐక్యరాజ్యసమితి జనాభా విభాగం 2024లో వెలువరించిన అంచనాలు తీసుకుని, దేశాలవారీగా ఆ ఏటి అంకెలు కూడి చూడండి. ఒక జాబితా ప్రకారం సుమారు 206 కోట్లు తేలుతుంది, ఇంకో జాబితా ప్రకారం 197 కోట్లు, మరో జాబితా ప్రకారం 168 కోట్లు. మూడింట్లో ఏదీ తప్పు కాదు. తలలు లెక్కపెట్టిన తీరూ ఒక్కటే. మొదటి జాబితా ఐరాసది, అందులో ఇరాన్ కూడా ఉంది. రెండోది సార్క్ ఎనిమిది దేశాలది, ఇరాన్ లేదు. మూడోది ప్రపంచ బ్యాంకు 2025 జులై నుంచి వాడుతున్నది. పాకిస్తాన్‌నూ అఫ్గానిస్తాన్‌నూ ఆ బ్యాంకు దక్షిణాసియా పద్దులోంచి తీసి మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికాల పద్దులో వేసింది. పెద్ద అంకెకూ చిన్న అంకెకూ మధ్య 38 కోట్ల మంది తేడా. అమెరికా జనాభా అంతా కలిపినా అంత ఉండదు.

ఈ చిక్కు దక్షిణాసియాకే పరిమితం కాదు. "సహారా దిగువ ఆఫ్రికా", "అల్పాదాయ దేశాలు", "అభివృద్ధి చెందుతున్న ప్రపంచం" అంటూ పత్రికల్లోనూ పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ కనిపించే ప్రతి మొత్తం వెనకా ఎవరో తయారుచేసిన దేశాల జాబితా ఒకటి ఉంటుంది. ఆ జాబితా మారితే జనం ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నా అంకె మారిపోతుంది. ఫలానా ప్రాంతంలో జననాలు తగ్గాయనో ఆయుర్దాయం పెరిగిందనో రాసేవాళ్లు, ఈ మధ్యలో జాబితా ఏమైనా మారిందా అన్నది మాత్రం రాయరు.

మూడంకెల చిరునామా

ఈ జాబితాలన్నిట్లోకీ ప్రశాంతమైనది ఎం49. ఐరాస గణాంక విభాగం నడిపే పట్టిక ఇది. ఎం వరసలో వచ్చిన 49వ పత్రం కాబట్టి ఆ పేరు. 1970లో మొదటిసారి అచ్చయింది. ఇందులో ప్రతి దేశానికీ, ప్రతి ప్రాంతానికీ ఒక మూడంకెల సంఖ్య ఉంటుంది. భారత్ 356, చైనా 156, బంగ్లాదేశ్ 050, అమెరికా 840. ప్రపంచం మొత్తానికి 001. ఆసియాకు 142, అందులో దక్షిణాసియాకు 034.

పేరు మారితే ఈ సంఖ్య మారదు. స్వాజిలాండ్ 2018లో ఎస్వాతినీ అయింది, 748 అలాగే ఉంది. టర్కీ 2022లో తన పేరును తుర్కియేగా రాయమంది, 792 అలాగే ఉంది. నేల మారితే మాత్రం సంఖ్య మారుతుంది. 2011లో దక్షిణ సూడాన్ విడిపోయాక కొత్త దేశానికి 728 ఇచ్చారు, మిగిలిన సూడాన్‌కూ పాత 736 తీసేసి 729 ఇచ్చారు. ఎరిత్రియా వేరుపడ్డాక ఇథియోపియా 230 కాస్తా 231 అయింది. పేరు పాతదే అయినా అది పాత దేశం కాదు, రెండింటి అంకెలూ ఒకే గీత మీద కలిపి గీయకండి అని చెప్పడానికే ఈ ఏర్పాటు.

ఈ జాగ్రత్త ఎందుకో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. 2011 జనగణనలో ఆంధ్రప్రదేశ్ జనాభా 8.46 కోట్లు. 2014 జూన్ తర్వాత అదే పేరుతో ఉన్న రాష్ట్రానికి అదే 2011 లెక్క ప్రకారం 4.96 కోట్లు. తెలంగాణకు మొదట చూపించిన అంకె 3.52 కోట్లు; ఖమ్మం జిల్లాలోని పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపాక అది 3.50 కోట్లయింది. దాదాపు లక్షా తొంభై వేల మంది ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారారు. ఈ సంగతి చూసుకోకుండా 2001 ఆంధ్రప్రదేశ్‌ను ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌తో పోల్చి "జనాభా సగానికి పడిపోయింది" అని ఎవరైనా రాస్తే నవ్వుతాం. దేశాల విషయంలో అంతకంటే చిన్న చిన్న తేడాలతో ఇలాంటి పోలికలు రోజూ అచ్చవుతుంటాయి, ఎవరూ నవ్వరు.

ఎం49 ప్రాంతాలకు భౌగోళికమే ఆధారం అంటారు గానీ, పటం ముందు పెట్టుకుని చూస్తే కొన్ని విడ్డూరంగా ఉంటాయి. రష్యా అంతా తూర్పు ఐరోపా. పసిఫిక్ ఒడ్డున జపాన్‌కు ఎదురుగా ఉన్న వ్లాదివొస్తోక్ కూడా ఐరోపా లెక్కలోకే వస్తుంది. సైప్రస్ ఐరోపా సమాఖ్య సభ్యదేశం, ఎం49లో మాత్రం పశ్చిమాసియా. బ్రిటన్‌తో పాటు బాల్టిక్ దేశాలు ఉత్తర ఐరోపాలో ఉంటాయి. జింబాబ్వే, మొజాంబిక్ తూర్పు ఆఫ్రికా. దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలో ఉన్నవి అయిదే దేశాలు: బోట్స్వానా, ఎస్వాతినీ, లెసోతో, నమీబియా, దక్షిణాఫ్రికా. మారిషస్ తూర్పు ఆఫ్రికా, ఫిజీ మెలనీసియా. చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్లిన తెలుగు కుటుంబాల మునిమనవలు ఈ లెక్కల్లో ఒకచోట ఆఫ్రికా వాసులు, ఇంకోచోట ఓషియానియా వాసులు. ఇదంతా గణాంకాల సౌలభ్యం కోసమే, రాజకీయంగా ఏ దేశం ఎవరి పక్షమో చెప్పడం మా ఉద్దేశం కాదని ఐరాస గణాంక విభాగం ఆ పట్టికతో పాటే ప్రకటిస్తుంది. నమ్మదగ్గ మాటే. ఎం49లో నాకు నచ్చేదీ అదే. వింతలు ఉంటే ఉన్నాయి, అవి ఏటేటా మారవు. మారని వింతతో పోలికకు ఇబ్బంది లేదు.

పాత పుస్తకాలు తిరగేసేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. సోవియట్ యూనియన్ ఉన్న రోజుల్లో ఐరాస పట్టికల్లో అది ఆసియాలోనూ ఐరోపాలోనూ చేరకుండా విడి ప్రాంతంగా ఉండేది. 1991 తర్వాత దాని ముక్కలు తూర్పు ఐరోపా, ఉత్తర ఐరోపా, మధ్య ఆసియా, పశ్చిమాసియాల్లో సర్దుకున్నాయి. 1985లో అచ్చయిన పుస్తకంలోని "ఆసియా"లో ఉజ్బెకిస్తాన్ లేదు, కజకిస్తాన్ లేదు.

దేశం కానివి కూడా

ఐరాసలో సభ్యదేశాలు 193. జనాభా విభాగం అంచనాలు వేసేది 237 "దేశాలు లేదా ప్రాంతాల"కు. ఆ "లేదా ప్రాంతాలు" అన్న రెండు మాటలు చాలా తగాదాలను తప్పించాయి. ప్యూర్టోరికో, గువామ్, హాంకాంగ్, పశ్చిమ సహారా వంటివన్నీ అందులో ఇమిడిపోతాయి. అయిదారు వందల మంది ఉండే వాటికన్‌కూ ఒక వరస ఉంటుంది.

ఫ్రాన్స్ జనాభా 2024లో ఎంత అంటే ఫ్రెంచి ప్రభుత్వ గణాంక సంస్థ 6.8 కోట్లు అంటుంది, ఐరాస 6.6 కోట్లు అంటుంది. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్, కరీబియన్‌లోని గ్వాడెలూప్, మార్టినిక్ వంటివి పారిస్ దృష్టిలో ఫ్రాన్స్‌లోని జిల్లాలే. ఐరాస లెక్కలో రీయూనియన్ తూర్పు ఆఫ్రికాకూ, మిగతావి లాటిన్ అమెరికాకూ పోతాయి.

చైనా సంగతి ఇంకాస్త రసవత్తరం. ఐరాస పట్టికలో "చైనా" అన్న వరసలో హాంకాంగ్, మకావ్ లేవు, తైవాన్ కూడా లేదు. తైవాన్ చైనాలో భాగమేనన్నది ఐరాస వైఖరి. ఆ వైఖరికి తగ్గట్టు పేరు పెట్టి, దాని అంకెలను మాత్రం విడి వరసలో ఇస్తుంది. 2023 ఏప్రిల్‌లో భారత్ చైనాను దాటిందని ప్రపంచమంతా రాసినప్పుడు పోల్చింది ఈ "చైనా"తోనే. ఆ మూడింట్లో కలిపి 3.1 కోట్ల పైచిలుకు జనం ఉన్నారు. వాళ్లను చైనాలో కలిపి చూస్తే ఏమవుతుంది? అప్పట్లో భారత్ ఏటా కోటీ ఇరవై లక్షల పైన పెరుగుతోంది; చైనా ఏటా ఇరవై ముప్ఫై లక్షలు తగ్గుతోంది. అంటే రెండింటి మధ్య దూరం ఏడాదికి కోటిన్నర చొప్పున మారుతోంది. ఆ లెక్కన దాటే తేదీ మరో రెండేళ్లు ఆలస్యమయ్యేది. నెల పేరుతో సహా మన పత్రికలు ప్రకటించిన ఆ ఘట్టం నిజానికి ఒక వరసకు పెట్టిన హద్దు మీద ఆధారపడింది.

క్రిమియాది ఇలాంటి కథే. 2014 నాటి సాధారణ సభ తీర్మానాన్ని అనుసరించి ఐరాస దాన్ని ఉక్రెయిన్‌లోనే లెక్కిస్తుంది. రష్యా తన 2021 జనగణనలో తనలో కలుపుకుని లెక్కపెట్టింది. ఐరాస నుంచి ఉక్రెయిన్ అంకె, మాస్కో నుంచి రష్యా అంకె తీసుకుని కూడితే క్రిమియా జనం రెండుసార్లు వస్తారు. కొసోవోది మరో దారి: ప్రపంచ బ్యాంకు సభ్యదేశం కాబట్టి ఆ బ్యాంకు పట్టికలో ఉంటుంది, ఎం49లో ఉండదు.

అరవైల నాటి గీత

ఎక్కువ మంది మనసులో ఉండే విభజన భౌగోళికం కాదు. ముందున్న దేశాలు, వెనకబడ్డ దేశాలు. "మూడో ప్రపంచం" అన్న మాటను 1952లో పుట్టించిన ఆల్ఫ్రెడ్ సావీ జనాభా శాస్త్రవేత్తే. ఫ్రాన్స్ జాతీయ జనాభా అధ్యయన సంస్థకు మొదటి అధిపతి.

ఐరాస జనాభా పట్టికల్లో ఈ విభజన చాలా సూటిగా ఉంటుంది. ఐరోపా, ఉత్తర అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్: ఇవి "ఎక్కువ అభివృద్ధి చెందిన ప్రాంతాలు". మిగిలిన ప్రపంచమంతా "తక్కువ అభివృద్ధి చెందిన ప్రాంతాలు". ఉత్తర అమెరికా అంటే ఇక్కడ అమెరికా, కెనడా, గ్రీన్‌లాండ్, బెర్ముడా వంటివే; మెక్సికో మధ్య అమెరికాలో ఉంటుంది, కాబట్టి గీతకు అవతలే.

ఈ గీతలో ఒకప్పుడు నిజమైన సారం ఉండేది. 1960లలో చైనా, భారత్, బ్రెజిల్, ఈజిప్టు ఏది చూసినా ఒక్కో స్త్రీకి సగటున ఆరుగురు పిల్లలు, కాస్త అటూ ఇటూ. ఐరోపా, అమెరికా, జపాన్‌లలో ఇద్దరు ముగ్గురు. మధ్యలో పెద్దగా ఎవరూ లేరు. దేశాల్ని రెండు కుప్పలు పోస్తే ఆ రెండు కుప్పలూ నిజంగానే వేర్వేరుగా కనిపించేవి.

ఇప్పుడు చూడండి. దక్షిణ కొరియాలో 2023లో ఒక్కో స్త్రీకి 0.72 బిడ్డ. నైజర్‌లో ఆరుకు దగ్గర. రెండూ ఒకే కుప్పలో ఉన్నాయి. ఖతార్, సింగపూర్ కూడా ఆ కుప్పలోనివే. అల్బేనియా, మోల్డోవా ఐరోపాలో ఉన్న పుణ్యానికి అవతలి కుప్పలో ఉన్నాయి. తక్కువ అభివృద్ధి చెందిన ప్రాంతాల సగటు సంతానోత్పత్తి రేటు రెండు పైచిలుకు అంటే ఆ అంకె కొరియా గురించీ చెప్పదు, నైజర్ గురించీ చెప్పదు.

ఈ గీతకు కాలం చెల్లిందని ఐరాసకూ తెలుసు. దక్షిణ కొరియాను ఐరాస వాణిజ్య, అభివృద్ధి సంస్థ 2021 జులైలో అభివృద్ధి చెందిన దేశాల వర్గంలోకి మార్చింది. అదే ఏడాది డిసెంబరులో గణాంక విభాగం ఎం49 నుంచి అభివృద్ధి చెందినవి, చెందుతున్నవి అన్న విభజననే తీసేసింది. జనాభా విభాగం మాత్రం పాత వరసలతో పోల్చుకోవడానికి ఆ రెండు మొత్తాలను ఇంకా ఇస్తూ వస్తోంది. పోల్చుకోవడం వరకు సరే. 2024 నాటి ప్రపంచాన్ని ఆ రెండు అంకెలతో వర్ణించేవాళ్లను మాత్రం అనుమానంగా చూడాల్సిందే.

బంగ్లాదేశ్ బయటికొస్తే

వెనకబడ్డ దేశాల్లోనూ మరీ వెనకబడ్డవాటికి ఇంకో జాబితా ఉంది. 1971 నవంబరులో సాధారణ సభ తీర్మానంతో 25 దేశాలతో మొదలైన "అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాల" పట్టిక ఇది. ఇప్పుడు 44 ఉన్నాయి: ఆఫ్రికాలో 32, ఆసియాలో 8, పసిఫిక్‌లో 3, కరీబియన్‌లో ఒక్క హైతీ. తలసరి ఆదాయం, ఆరోగ్యం, చదువు లాంటి మానవ వనరులు, ఆర్థికంగానూ పర్యావరణపరంగానూ ఎంత త్వరగా దెబ్బతింటుంది అన్న మూడు కొలతలతో మూడేళ్లకోసారి ఒక నిపుణుల సంఘం సమీక్షిస్తుంది. పేద దేశమైతే చాలదు, చిన్నదీ కావాలి: 7.5 కోట్లు మించిన జనాభా ఉంటే కొత్తగా చేర్చుకోరు. ముందే లోపలికొచ్చిన ఇథియోపియా, బంగ్లాదేశ్ ఆ హద్దు దాటేశాక కూడా కొనసాగుతూ వచ్చాయి. ఇందులో ఉండటానికి దేశం అంగీకారం కూడా కావాలి. ఘనా, జింబాబ్వే, పాపువా న్యూగినీ అర్హత ఉన్నా వద్దన్నాయి. ఉన్నవాళ్లకు లాభం చిన్నదేమీ కాదు: ఐరోపా సమాఖ్యకు సుంకం లేకుండా సరుకు పంపుకోవచ్చు. బంగ్లాదేశ్ దుస్తుల ఫ్యాక్టరీలు దాని మీదే ఎదిగాయి.

1994లో బోట్స్వానా మొదలుకుని 2024 డిసెంబరులో సావో తోమే, ప్రిన్సిపే వరకు ఎనిమిది దేశాలు బయటికొచ్చాయి. మాల్దీవులు 2011లో, భూటాన్ 2023లో. అన్నీ చిన్నవే కాబట్టి మొత్తాల్లో పెద్ద కదలిక కనిపించలేదు. బంగ్లాదేశ్ అలాంటిది కాదు. 2021లో సాధారణ సభ బంగ్లాదేశ్, నేపాల్, లావోస్ బయటికి రావడానికి 2026 నవంబరును ఖరారు చేసింది. ఈ మూడింటి జనాభా 21 కోట్ల పైన. ఆ జాబితా మొత్తంలో ఆరో వంతుకు మించి.

వీళ్లు బయటికి రాగానే ఏం జరుగుతుందో ఊహించండి. ఈ జాబితాలో సగటున ఒక్కో స్త్రీకి నలుగురికి దగ్గరగా పిల్లలు. బంగ్లాదేశ్‌లోనూ నేపాల్‌లోనూ ఇద్దరు, కాస్త అటూ ఇటూ. తక్కువ పిల్లలున్న 20 కోట్ల మంది వెళ్లిపోతే మిగిలినవాళ్ల సగటు పెరుగుతుంది. ఆయుర్దాయం సగటు తగ్గుతుంది, ఎందుకంటే బంగ్లాదేశీయులు ఆ జాబితాలోని చాలామంది కంటే ఎక్కువ కాలం బతుకుతారు. ఆఫ్రికాలో ఒక్క బిడ్డ కూడా అదనంగా పుట్టకుండా, ఒక్కరి ఆరోగ్యమూ చెడకుండా "అతి పేద దేశాల పరిస్థితి దిగజారింది" అని రాయడానికి తగిన అంకెలు తయారవుతాయి. క్లాసులో బాగా చదివే పదిమందిని పక్క సెక్షన్‌కు మార్చాక మిగిలిన పిల్లల సగటు మార్కులు పడిపోయాయని టీచర్ను నిలదీయడం లాంటిది ఇది.

దీనికి విరుగుడు గణాంకాల శాఖలకు తెలుసు. జాబితా మారినప్పుడు కొత్త జాబితాను 1950 దాకా వెనక్కి తీసుకెళ్లి మొత్తాలన్నీ తిరిగి కడతారు. అంటే 2026 తర్వాత వచ్చే పట్టికలో 1975 నాటి "అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాల" జనాభాలో బంగ్లాదేశ్ ఉండదు, 1975లోనే అది ఆ జాబితాలో చేరినా సరే. ఒకే పట్టికలోని అంకెలను పోల్చుకుంటే ఇబ్బంది లేదు. 2019లో దించుకున్న ఫైలు పక్కన 2028లో దించుకున్న ఫైలు పెట్టుకుంటేనే గొడవ. ఇంకో మెలిక కూడా ఉంది. బాగుపడ్డవాటిని ఎప్పటికప్పుడు వెనకటి లెక్కలోంచి కూడా తీసేస్తూ ఉంటే, ఆ జాబితాలోని దేశాలు ఎన్నడూ పెద్దగా బాగుపడినట్టు కనిపించవు.

డబ్బుతో కొలిస్తే

ప్రపంచ బ్యాంకు వర్గాలు ఇంకా చంచలమైనవి. ఏటా జులై 1న తలసరి జాతీయాదాయాన్ని బట్టి దేశాలను నాలుగు వర్గాలు చేస్తుంది: అల్పాదాయ, దిగువ మధ్యాదాయ, ఎగువ మధ్యాదాయ, అధికాదాయ దేశాలు. 2024 జులై జాబితాకు పెట్టిన హద్దులు 1,145, 4,515, 14,005 డాలర్లు. భారత్ తలసరి రెండున్నర వేల డాలర్ల చుట్టుపక్కల ఉంది, కాబట్టి దిగువ మధ్యాదాయ దేశం.

ఆ ఏడాది జాబితాలో ఉక్రెయిన్ దిగువ మధ్యాదాయ వర్గం నుంచి ఎగువకు ఎక్కింది. యుద్ధంలో ఉన్న దేశం, 2022లో ఆర్థిక వ్యవస్థ అయిదో వంతుకు పైగా కుంగిన దేశం. 2023లో కాస్త కోలుకున్న మాట నిజమే. కానీ దానికి తోడు దండయాత్ర మొదలైనప్పటి నుంచి జనాభా 15 శాతానికి పైగా తగ్గిందని బ్యాంకే వివరించింది. ఆదాయాన్ని పంచాల్సిన తలలు తగ్గాయి, తలసరి పెరిగింది. పోలండ్‌కో జర్మనీకో పారిపోయిన తల్లీబిడ్డలు ఉక్రెయిన్‌ను ఒక మెట్టు పైకి ఎక్కించారన్నమాట. ఆదాయ వర్గాన్ని అభివృద్ధికి గుర్తుగా చూపించే ఎవరికైనా ఈ ఒక్క ఉదాహరణ చాలాలి.

గల్ఫ్ దీనికి తిరగేసిన బొమ్మ. నిజామాబాద్ నుంచి దుబాయ్‌కి పనికెళ్లి ఏడాది పైన ఉన్న మనిషి అక్కడి జనాభాలో ఒకడు. ఆ దేశపు తలసరి లెక్కకట్టేటప్పుడు భాగహారంలో అతనూ ఉంటాడు. అలా అతను దిగువ మధ్యాదాయ దేశం నుంచి అధికాదాయ దేశానికి మారతాడు. ఎం49 ప్రకారం మాత్రం ఆసియా దాటలేదు. పాత గీత ప్రకారం అయితే, తక్కువ అభివృద్ధి చెందిన ప్రాంతంలోనే ఉన్నాడు. మూడు పట్టికలు, మూడు రకాల ప్రయాణాలు, మనిషి ఒక్కడే.

వర్గం మారే దేశం పెద్దదైతే మోత ఎలా ఉంటుందో చైనా చూపించబోతోంది. అది అధికాదాయ హద్దుకు చాలా దగ్గరలో ఉంది. ప్రస్తుతం అధికాదాయ దేశాలన్నీ కలిపితే 140 కోట్ల జనం. చైనా దాటిన జులై 1న ఆ వర్గం జనాభా ఒక్క రోజులో రెట్టింపవుతుంది, ఎగువ మధ్యాదాయ వర్గం సగమైపోతుంది. దిగువ మధ్యాదాయ వర్గంలో భారత్‌ది అదే స్థానం: దాదాపు సగం మనమే. ఆ వర్గం గురించి ఏ సగటు చూసినా అందులో సగం చూస్తున్నది మనల్నే.

మరికొన్ని జాబితాలు

సంస్థలు తమ ఆఫీసుల వీలును బట్టి చేసుకున్న ప్రాంతాలు వేరే ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతానికి కేంద్రం ఢిల్లీ. భారత్, బంగ్లాదేశ్‌లతో పాటు థాయిలాండ్, ఉత్తర కొరియా కూడా అందులోవే. పాకిస్తాన్ మాత్రం కైరో నుంచి నడిచే తూర్పు మధ్యధరా ప్రాంతంలో ఉంది. 2025 మేలో ఇండొనేషియా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని వదిలి పశ్చిమ పసిఫిక్‌కు మారడానికి ఆమోదం దొరికింది. 28 కోట్ల మంది. ఆ ప్రాంతపు క్షయ కేసులో, ప్రసూతి మరణాలో హఠాత్తుగా తగ్గాయని ఎక్కడైనా కనిపిస్తే ముందు ఇది గుర్తుకు రావాలి. సూడాన్ అయితే ఐరాసకు ఉత్తర ఆఫ్రికా, ప్రపంచ బ్యాంకుకు సహారా దిగువ ఆఫ్రికా. అయిదు కోట్ల జనం కాబట్టి ఉత్తర ఆఫ్రికా మొత్తంలో అయిదో వంతుకు దగ్గర.

వలసల లెక్కల్లో చిక్కు దేశాల్ని గుంపు కట్టడంలో లేదు, మనుషుల్ని దేశాలకు కట్టడంలో ఉంది. ఐరాస ఎక్కువగా పుట్టిన దేశాన్ని చూస్తుంది. ఆ లెక్కన 2024లో భారత్‌లో పుట్టి బయట ఉంటున్నవాళ్లు సుమారు 1.85 కోట్లు. మన విదేశాంగ శాఖ ప్రవాస భారతీయులు మూడున్నర కోట్లంటుంది. భారత సంతతి వాళ్లను కూడా కలుపుకుంటుంది కాబట్టి. మారిషస్‌లోని తెలుగువాళ్లు రెండో లెక్కలో ఉన్నారు, మొదటిదాన్లో లేరు. 1947లో లాహోర్ నుంచి ఢిల్లీకి వచ్చిన మనిషి, తాను పుట్టినప్పుడు లేని దేశంలో పుట్టినవాడిగా, మొదటిదాన్లో అంతర్జాతీయ వలసదారు.

జనాభా శాస్త్రానికి వీటన్నిటికంటే పనికొచ్చే విభజన నాకు జనాభా విభాగం 2024 నివేదికలో కనిపించింది. అందులో దేశాలను డబ్బుతోనో దిక్కుతోనో విడగొట్టలేదు. ఒక్కో దేశం జనాభా శిఖరానికి ఎప్పుడు చేరుతుందన్నది చూశారు. 63 దేశాలు, ప్రాంతాలు 2024కు ముందే శిఖరం దాటి దిగుతున్నాయి. చైనా, జపాన్, జర్మనీ, రష్యా వాటిలో ఉన్నాయి. 48 దేశాలు 2054లోపు చేరతాయి. బ్రెజిల్, ఇరాన్, తుర్కియే, వియత్నాం లాంటివి. 126 దేశాలు 2054 దాకా పెరుగుతూనే ఉంటాయి. కూడితే 237. ఈ చివరి గుంపులో నైజీరియా, పాకిస్తాన్‌ల పక్కన భారత్ ఉంది, అమెరికా కూడా ఉంది. మన పెరుగుదలకు కారణం పడుచు జనం ఎక్కువ కావడం, అమెరికా పెరుగుదలకు ప్రధానంగా వలస. కారణాలు వేరైనా బడులు, ఇళ్లు, ఉద్యోగాల లెక్క వేసుకునేవాళ్లకు దిశ ఒక్కటే. దీనిలోనూ లోపం లేకపోలేదు: శిఖరం ఎప్పుడన్నది అంచనా, కాబట్టి అంచనా మారినప్పుడల్లా సభ్యత్వమూ మారుతుంది.

అంచనాలు మారడం అన్నది భారత్ విషయంలో త్వరలోనే జరగబోతోంది. ఐరాస దక్షిణాసియా మొత్తంలో మన వాటా 70 శాతం. మన అంకెకేమో 2011 జనగణనే ఆఖరి ఆధారం. ఆ తర్వాతవన్నీ నమూనా సర్వేల సాయంతో కట్టినవి. తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. భారత్ అంకె ఒక్క శాతం అటూ ఇటూ అయినా కోటీ నలభై అయిదు లక్షల తేడా. దక్షిణాసియా, దిగువ మధ్యాదాయ దేశాలు, తక్కువ అభివృద్ధి చెందిన ప్రాంతాలు, ఇలా మనం ఉన్న ప్రతి మొత్తమూ ఆ మేరకు కదులుతుంది. కదలడం అక్కడితో ఆగదు. కొత్త జనగణన చేతికొచ్చాక జనాభా విభాగం 2011 నుంచి ప్రతి ఏటి అంకెనూ వెనక్కి వెళ్లి సరిచూస్తుంది. చైనాను మనం దాటింది 2023 ఏప్రిల్‌లోనే అన్నది ఆ సరిచూపులో నిలబడవచ్చు, నిలబడకపోనూవచ్చు.